ఆఖరి లైను

టెస్టు మాస్టారికి జీవితంలో చేతకానిది ఒక్కటే, కారణం లేకుండా మాట్లాడటం. కారణమంటూ దొరికితే నోరు ఎండిపోయేదాకా మాట్లాడతాడు. ఫలానా రిలే స్విచ్చి ఎందుకు అంటుకుపోయింది, ఫలానా వీధిలో వాన పడినప్పుడల్లా ఫోన్లు ఎందుకు మూగబోతాయి, అడిగిన పాపానికి అన్నీ పూసగుచ్చినట్టు చెబుతాడు. అదే మనిషిని వీధి మలుపులో ఆపి "ఏం మాస్టారూ, బాగున్నారా?" అంటే చాలు, కంగారుపడి "ఏం, మీ ఫోను పాడైందా?" అంటాడు. బడిలో పాఠాలు చెప్పి మాస్టారైనవాడు కాదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో లైన్లు పరీక్షించీ పరీక్షించీ ఆ పేరు తగిలించుకున్నాడు. పెళ్లీ పెటాకులూ లేవు. ఎక్స్ఛేంజీ వెనక వీధిలో మేడమీద గది, అందులో ఒక మంచం, ఒక స్టవ్వు, ఒక కుర్చీ. వచ్చిపోయేవాళ్లు లేరు కాబట్టి రెండో కుర్చీ అవసరం పడలేదు.

అదే ఊళ్లో ఉన్న అక్క అప్పుడప్పుడు దులిపేసేది.

"ఒరేయ్, ఊళ్లోవాళ్లందరినీ ఒకళ్లతో ఒకళ్లని కలిపేది నువ్వే. తోడబుట్టినదానికి మాత్రం చావో బతుకో అయితే తప్ప ఫోను చెయ్యవు. ఊరికే ఓసారి చేస్తే నీ సొమ్మేం పోతుందిరా?"

"ఊరికే చేసి ఏం చెప్పనక్కా?"

"ఏమీ చెప్పొద్దు. ఊరికే."

అతను నిజంగానే కాసేపు ఆలోచించాడు. "మరి లైను అనవసరంగా ఎంగేజ్ అవుతుంది కదా," అన్నాడు. అక్క తల కొట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఇలాంటివాడికి కూడా మాట్లాడే మనిషి ఒకరు దొరికారంటే అది ఆ ఉద్యోగం చలవే. రోజూ పొద్దున, జనం ఫోన్లమీద పడకముందే, పక్క ఊరి ఎక్స్ఛేంజీకి వెళ్లే లైన్లన్నీ ఒక్కొక్కటీ పరీక్షించాలి. ఇటువైపు మనిషి ఒకటి నుంచి పది దాకా అంకెలు చదువుతాడు. అటువైపు మనిషి పది నుంచి ఒకటి దాకా వెనక్కి చదువుతారు. స్పష్టంగా వినబడితే "లైను బాగుంది" అనుకుని పక్కదానికి పోతారు. గరగరమంటే కారణం వెతుకుతారు. అంతకుమించి ఆ పనిలో ఇంకేమీ లేదు.

అటువైపు అంకెలు చదివేది ఒకావిడ. ఇక్కడ ఎక్స్ఛేంజీలో అందరూ అవతలావిడ అనేవారు. అక్కడ ఆవిడ కూడా ఇతన్ని అవతలాయన అనే చెప్పుకునేదట. ఏళ్ల తరబడి ఒకరి అంకెలు ఒకరు విన్నారే గాని ఒకరి మొహం ఒకరు చూసింది లేదు. ఆవిడ ఏడు దగ్గర కాస్త ఊపిరి పీల్చుకునేదని అతనికి తెలుసు. జలుబు చేస్తే ఆరు పలకడానికి ఇబ్బంది పడేదని తెలుసు. జుట్టు నెరిసిందో లేదో తెలియదు.

లైన్లన్నిట్లోకీ ఆఖరిది మొండిది. ఎన్నిసార్లు చూసినా గరగరమంటూనే ఉండేది. గరగర ఉంది కాబట్టి కారణం వెతకాలి, వెతకాలి కాబట్టి మాట్లాడాలి. మొదట్లో దాని గురించే మాట్లాడుకున్నారు.

"ఈ గరగర మీవైపుదే అనుకుంటానండీ," అనేవాడు.

"చాల్లెండి, ప్రతి తప్పూ అవతలివాళ్లదే మీకు. మీవైపేమైనా వాన పడుతోందా?"

"లేదండీ, ఎండగా ఉంది."

"మాకు ముసురు పట్టింది. మోకాళ్లు లాగేస్తున్నాయి."

అలా వాన మీదుగా మోకాళ్లకు, మోకాళ్ల మీదుగా బ్యాటరీ గదిలో ఈనిన పిల్లికి, పిల్లి మీదుగా పొంగిపోయిన పాలకు దారి పడింది. గరగరలో సగం మాటలు రెండేసిసార్లు చెప్పుకోవలసి వచ్చేది. అదీ మంచికే అయింది. చివర్లో ఆవిడ "సరే, ఇంకా తేలలేదు, రేపు చూద్దాం" అనేది. ఆ ఒక్క మాట జేబులో వేసుకుని మాస్టారు ఆ రోజంతా గడిపేవాడు. నవ్వుకుంటే నవ్వుకోండి, మనిషికి అంతకన్నా తక్కువతో గడిచిన రోజులు కూడా ఉన్నాయి.

ఇంతలో కంప్యూటరు వచ్చింది.

పాత ఎక్స్ఛేంజీ హాలు పొడుగునా ఇనప చట్రాలు, వాటినిండా స్విచ్చీలు. ఊళ్లో ఎవరు అంకె తిప్పినా ఇక్కడ ఒక స్విచ్చి టకటకమని మెట్లెక్కేది. ఏ అంకెకు ఏం చెయ్యాలన్నది ఆ ఇనుములోనే, ఆ తీగల్లోనే ఉంది. కొత్తదానిలో అలా కాదు. పని చేసే పద్ధతంతా రాతలో ఉంటుందట, దాన్ని ప్రోగ్రాం అంటారట. ఏదైనా మార్చాలంటే తీగ ముట్టుకోనక్కర్లేదు, రాత మారిస్తే చాలు. ఈ సంగతులన్నీ చెప్పింది కొత్తదానితోపాటు వచ్చిన ఇంజనీరు. కలుపుగోలు మనిషి, టీ గ్లాసు ఎక్కడ పెట్టాడో మర్చిపోయి గదంతా వెతుక్కునే రకం. మాస్టారంటే అతనికి గౌరవం. ఆ చల్లటి గదిలోకి తీసుకెళ్లి బీరువాల్లాంటి పెట్టెలు చూపించాడు.

"ఇవి రెండు కంప్యూటర్లు మాస్టారూ. ప్రతి పనీ రెండూ చేస్తాయి. చేసి, నీకెంత వచ్చింది, నాకెంత వచ్చింది అని సరిచూసుకుంటాయి."

"ఒకటి చాలదా సార్?"

"ఒక్కదాన్నీ వదిలేస్తే ఎలాగండీ? దానికేదైనా అయితే చూసేదెవరు?"

మాస్టారు ఆ రెండు పెట్టెలవంకా చూశాడు. యంత్రానికి కూడా తోడు కావాలని ఎవరో పెద్దవాళ్లు కూర్చుని ఆలోచించారన్నమాట, అనుకున్నాడు.

మార్పు ఒక ఆదివారం తెల్లవారుతుండగా జరిగింది. కొత్తదాన్ని ఊరి లైన్లకు ముందే కలిపి ఉంచారు, కాకపోతే ఒక్కో లైను రిలే సందులో ఒక సన్నని చెక్కచీలిక దూర్చి నోరు మూసి ఉంచారు. వరసలోని చీలికలన్నిటినీ ఒకే తాడుకు కట్టారు. సూపర్వైజరు "లాగండి" అనగానే వరసకొకరు తాడు లాగాలి, అదే సమయానికి హాల్లో ఇంకొందరు పాతదాని ఫ్యూజులు పీకాలి. మాస్టారి చేతికీ ఒక తాడు ఇచ్చారు. లాగాడు. చీలికలు జలజల రాలాయి. పక్కనున్న పెద్ద హాలు, అతను ఉద్యోగంలో చేరిన రోజునుంచీ క్షణం నోరు మూయని హాలు, ఠక్కున ఆగిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. మాస్టారు కూడా కొట్టాడు. కింద పడిన చీలికల్లోంచి ఒకదాన్ని తీసి జేబులో వేసుకున్నాడు, ఎందుకో అప్పుడు అతనికే తెలియదు.

మర్నాడు పొద్దున మామూలుగా వచ్చి టెస్టు బల్ల ముందు కూర్చోబోతే ఇంజనీరు ఆపాడు.

"ఇక ఆ బాధ లేదండీ. లైన్లన్నీ కంప్యూటరే పరీక్షించుకుంటుంది. ఒక ధ్వని పంపుతుంది, తిరిగొచ్చింది కొలుచుకుంటుంది. ఏదైనా లైను రెండుసార్లు తప్పితే టెలిప్రింటర్‌మీద చీటీ కొడుతుంది, మనిషి చూడాలి అని. అప్పుడు మీరు చూస్తే చాలు."

"మరి ఆఖరి లైను?"

"బాగుందే. పాసైంది."

యంత్రానికి ధ్వని ఎంత తగ్గిందన్నదే లెక్క. ఆ కాస్త గరగర దానికి పట్టదు. చీటీ లేదు కాబట్టి లైనులో తప్పు లేదు. తప్పు లేదు కాబట్టి అవతలికి ఫోను చేసే పని లేదు. మాస్టారు అలా ఒక వారం కూర్చున్నాడు. టెలిప్రింటర్ కదిలినప్పుడల్లా లేచి చూసేవాడు. ఏదో ఒక వీధి, యంత్రంలో ఏదో ఒక సర్క్యూట్ కార్డు, ఆఖరి లైను మాత్రం కాదు. సాయంత్రం మేడమీద గదికి వెళ్లి కుర్చీలో కూర్చుంటే పొద్దున్నించీ తను పలికిన మాటలు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. ఇంతకుముందూ ఆ గది అలాగే ఉండేది. కాని ఇప్పుడు భరించడం కష్టంగా ఉంది.

సరిగా చెప్పాలంటే ఫోను చెయ్యడానికి అడ్డమెవరు? బల్లమీద ఫోను ఉంది, అవతల ఆవిడ ఉంది. "ఎలా ఉన్నారండీ" అంటే సరిపోయేది. మనవాడు అది చెయ్యడే. ఒక మధ్యాహ్నం రిలేల చట్రం వెనక్కి వెళ్లి, ఆఖరి లైను రిలే సందులో జేబులోని చెక్కచీలిక దూర్చాడు. నోట్లో నాలుక లేనివాడికి చేతుల్లో ఎన్ని విద్యలో చూడండి.

మర్నాడు పొద్దునకు చీటీ వచ్చింది. ఆఖరి లైను, మనిషి చూడాలి. మాస్టారు చీలిక తీసేసి, ఆ చీటీ చేత్తో పట్టుకుని, బల్ల ముందు కూర్చుని అంకెలు చదివాడు. గరగరలోంచి పది, తొమ్మిది, ఎనిమిది... ఏడు దగ్గర చిన్న ఊపిరి.

"ఏమైపోయారండీ ఇన్నాళ్లూ?" అంది ఆవిడ.

"కంప్యూటరే చూసుకుంటోందండీ. ఈ లైనొక్కటే దానికి కొరుకుడు పడలేదు."

"పోనీలెండి. మనలాంటి లైను ఒకటైనా ఉంది."

ఆ తర్వాత వారానికి రెండు మూడు చీటీలు రావడం మొదలైంది. మాస్టారు ఈల వేస్తూ మెట్లెక్కడం విని కింద వాటా వాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు.

అలా నెల గడిచాక ఒక పొద్దున ఆవిడ గొంతు మామూలుగా లేదు. అంకెలు గబగబా చదివేసింది.

"మా ఎక్స్ఛేంజీ కూడా మార్చేస్తున్నారండీ. నన్ను దూరం వేశారు, రైల్లో ఒక పగలంతా ప్రయాణం. వచ్చే వారమే వెళ్లాలి."

మాస్టారు చేతిలోని చీటీని నాలుగు మడతలు పెట్టాడు.

"వినబడుతోందా?"

"వినబడుతోందండీ."

"వెళ్లేముందు ఈ ఆదివారం బస్సెక్కి మీ ఊరొద్దామని ఉంది. ఇన్నేళ్లు ఎవరితో మాట్లాడానో ఒకసారి చూసి పోతాను. రమ్మంటారా?"

ఇందులో ఆలోచించడానికేముంది? రండి అనాలి. రెండక్షరాలు. కాని మాస్టారికి ఒకేసారి గదిలో ఉన్న ఒంటి కుర్చీ గుర్తొచ్చింది, ఎదురెదురుగా కూర్చుంటే గరగర లేకుండా ఏం మాట్లాడాలన్నది తోచలేదు.

"రేపు చెబుతానండీ," అన్నాడు.

"సరే. రేపు నేనే చూస్తూ ఉంటాను," అంది ఆవిడ.

ఆలస్యం అమృతం విషం అని ఊరికే అనలేదు పెద్దలు. ఆ సాయంత్రమే మాస్టారు బజారుకెళ్లి రెండో కుర్చీ కొన్నాడు. భుజాన వేసుకుని మేడమీదికి తెచ్చి, మొదటిదాని ఎదురుగా వేసి, బాగా దగ్గరైందేమోనని కొంచెం వెనక్కి జరిపాడు. రండి అని ఎలా అనాలో అద్దం ముందు నిలబడి నాలుగైదు రకాలుగా అని చూసుకున్నాడు. అసలు బజారుకి వెళ్లేముందే ఆఖరి లైనుకు చీలిక దూర్చి వచ్చాడు, పొద్దున్నే చీటీ సిద్ధంగా ఉండాలని.

పొద్దున చీటీ రాలేదు. చీలిక సరిగా కూర్చోలేదేమోనని వెళ్లి చూశాడు, బాగానే ఉంది. అయినా ఇంకోసారి బిగించాడు. ఆ మర్నాడూ రాలేదు. యంత్రం ఈ పూట ఆ లైను దాకా రాలేదేమో, రేపు వస్తుందేమో అనుకున్నాడు. మూడుసార్లు బల్లమీది ఫోనుమీద చెయ్యి వేశాడు, మూడుసార్లూ తీసేశాడు. చీటీ లేకుండా చేస్తే ఆవిడ ఎందుకు చేశారని అడిగితే? అలా శనివారం వచ్చేసింది.

ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని బస్టాండుకి వెళ్లాడు. జవాబు చెప్పకపోయినా ఆవిడ వస్తుందేమోనని ఒక ఆశ. బస్సు ఆగినప్పుడల్లా దగ్గరికి వెళ్లి నిలబడేవాడు. మొహం తెలియదు కదా, అందుకని చూసేవాడు కాదు, వినేవాడు. దిగిన ఆడవాళ్లు సామాను దించమని అరిచేవాళ్లు, పిల్లల్ని కసిరేవాళ్లు, టైమెంతైందని అడిగేవాళ్లు. ప్రతి గొంతూ ఒక మాట పూర్తయ్యేదాకా విని పక్కకు జరిగేవాడు. ఒకావిడ అనుమానంగా చూసి సంచీ రెండో చేతికి మార్చుకుంది. చీకటి పడేదాకా ఉన్నాడు. ఇంటికొచ్చి దీపం వేస్తే రెండు కుర్చీలూ ఎదురెదురుగా ఉన్నాయి. అంత ఒంటరితనం ఒక్క కుర్చీ ఉన్నప్పుడు ఆ గదిలో లేదు.

సోమవారం ఇక ఉండబట్టలేక ఇంజనీరునే అడిగాడు.

"సార్, ఆఖరి లైను చీటీ ఈమధ్య రావట్లేదు."

ఇంజనీరు మొహం విప్పారింది. "మీరే గమనిస్తారని చెప్పలేదు మాస్టారూ. ఆ లైను మిమ్మల్ని నెలరోజులుగా తినేస్తోంది. తప్పిందంటుంది, మీరు చూస్తే బాగుంటుంది, మళ్లీ తప్పిందంటుంది. మీ అవస్థ చూడలేక ప్రోగ్రాంలో నాలుగు ముక్కలు మార్చాను. అలా పదేపదే తప్పే లైను ఏదైనా ఉంటే దాన్ని దానంతటదే మూసేసి, కాల్స్ మిగతావాటికి పంచేస్తుంది. చీటీ కొట్టి మిమ్మల్ని లేపదు."

నువ్వొకందుకు పోస్తే నేనొకందుకు తాగానన్నట్టయింది.

"ఎప్పుడు మార్చారు?"

"పోయిన మంగళవారం."

ఆవిడ అడిగింది మంగళవారం పొద్దున. రేపు నేనే చూస్తూ ఉంటానంది.

"మూసినట్టు అవతలివాళ్లకి తెలుస్తుందా?"

"వాళ్లది ఇంకా పాతదే కదా. ఇటు మూసేస్తే అటు ఎర్ర దీపం వెలుగుతుంది, మనవైపే మూసేశారని."

మాస్టారు చట్రం వెనక్కి వెళ్లి చీలిక పీక్కొచ్చాడు. అరచేతిలో పెట్టి చూపించి, "లైను తెరవండి సార్," అన్నాడు. ఇంజనీరు చీలికవంక చూశాడు, మాస్టారివంక చూశాడు, పెదవి కొరుక్కున్నాడు. టెలిప్రింటర్ ముందు కూర్చుని ఒక వరస కొట్టాడు. ఆఖరి లైను తెరుచుకుంది.

మాస్టారు ఒకటి, రెండు, మూడు అని మొదలుపెట్టాడు. గరగర లేదు. అద్దంలా ఉంది లైను.

"ఎవరండీ?" అన్నాడు అటువైపు ఎవరో మగమనిషి.

"అక్కడ... అక్కడ అంకెలు చదివే ఆవిడ..."

"ఆవిడ నిన్న రైలెక్కేశారండీ. మీరు అవతలాయనేనా?"

"ఆఁ."

"ఈ లైను మీవైపు మూసేశారు కదండీ. ఆవిడ రోజూ పొద్దున్నే వచ్చి ఆ దీపం చూసేవారు. శనివారం చూసి, సరే, చెప్పదలుచుకున్నది చెప్పారు అని దీపం ఊడదీసి బల్లమీద పెట్టి వెళ్లిపోయారు. నాకేమీ అర్థం కాలేదు. అన్నట్టు గరగర పోయిందా? మావైపు ఒక స్క్రూ వదులుగా ఉండేదండీ. బిగిస్తానంటే ఇన్నేళ్లూ ఆవిడ చెయ్యి వెయ్యనిచ్చేవారు కాదు. నిన్న బిగించాను."

మాస్టారు ఫోను చెవికి ఆనించుకునే ఉన్నాడు. కళ్లలోంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోవాలని కూడా తోచలేదు. ఇన్నేళ్లూ తనొక్కడే అనుకున్నాడు. ఆవిడకీ కారణం కావలసి వచ్చింది, ఆ కారణాన్ని స్క్రూడ్రైవరు తగలకుండా కాపాడుకుంటూ వచ్చింది. చివరికి అది వదిలేసి, కారణం లేకుండా వస్తానని అడిగింది కూడా ఆవిడే. దానికి తను ఇచ్చిన జవాబు ఒక ఎర్ర దీపం.

ఆ మనిషి ఆవిడ కొత్త చోటు నంబరు చెప్పాడు. సబ్‌స్క్రైబర్ల కంప్లయింట్లు తీసుకునే బల్ల దగ్గర వేశారట, రేపే చేరుతుందట.

మర్నాడు మాస్టారు బల్ల ముందు కూర్చున్నాడు. చీటీ లేదు. ఇంజనీరు టీ గ్లాసు వెతుక్కుంటున్నట్టు అటూ ఇటూ తిరిగి, "ఫోను చీటీ అడగదు మాస్టారూ," అని, తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు.

నంబరు తిప్పాడు. అటు గంట మోగింది.

"కంప్లయింట్ చెప్పండి," అంది ఆవిడ గొంతు.

ఎన్నడూ విననంత దగ్గరగా ఉంది. వెనక ఎవరో కాగితాలు తిప్పడం కూడా వినబడుతోంది. మాస్టారు అద్దం ముందు అనుకున్నవన్నీ మర్చిపోయాడు. నోటికొచ్చింది ఒక్కటే.

"ఒకటి," అన్నాడు. "రెండు. మూడు. నాలుగు..."

పది దాకా చదివి ఆగాడు. అటునుంచి అంకెలు రాలేదు. మాట వచ్చింది, పొడిగా, ఎవరో కొత్తవాళ్లతో అన్నట్టు.

"లైను బాగానే ఉందండీ. తప్పేమీ లేదు. మరి ఎందుకు చేశారు?"

మాస్టారు చుట్టూ చూశాడు. చీటీ లేదు, చీలిక లేదు, వాన లేదు, గరగర లేదు. ఆవిడ అడిగిన ప్రశ్నకు చెప్పుకోదగ్గ కారణం ఆ గదిలో ఎక్కడా లేదు.

"ఊరికేనండీ," అన్నాడు.

లైను అంత నిర్మలంగా ఉండబట్టి ఆవిడ ఊపిరి పీల్చుకోవడం కూడా వినబడింది, ఏడు దగ్గర పీల్చుకున్నట్టే. ఆవిడ ఏమీ అనలేదు. ఫోను కూడా పెట్టెయ్యలేదు.